మీ కారుకి కొత్త గేర్ బాక్స్

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. మీ అంబాసిడర్‌కి ఇంజను మార్పిస్తున్నాను. పాతది పూర్తిగా అరిగిపోయిందట. పొద్దున ప్రత్తిపాడు షెడ్డుకి వెళితే మెకానిక్ మస్తాన్ అడిగాడు.

"గేర్ బాక్స్ ఏది వేయమంటారమ్మా? పాతదాన్నే సర్దితే గేరు స్టీరింగ్ దగ్గరే ఉంటది. సారుకి అదే ఇష్టం. లేదంటే అయిదు గేర్లది ఉంది. గేరు రాడ్డు కింద, సీటు పక్కన వస్తది."

"కిందదే వెయ్యి," అన్నాను.

"సారుంటే ఒప్పుకునేవారు కాదమ్మా."

"సారు చాలావాటికి ఒప్పుకోలేదులే."

ముప్పై ఏళ్లలో ఎన్నిసార్లు అడిగాను, కారు నేర్పమని? "ఆ గేరు నీ చేతికి లొంగదే," అని నవ్వేవారు. మీకు గుండెనొప్పి వచ్చిన మధ్యాహ్నం కారు వాకిట్లోనే ఉంది. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. మిరపకాయల కోతలని ఊరంతా చేలల్లో ఉంది. గుంటూరు నుంచి అంబులెన్సు వచ్చేసరికి మీరు లేరు.

పోయిన నెల డ్రైవింగ్ స్కూల్లో చేరాను. కింద గేరున్న కారు మీదే నేర్పారు. పన్నెండు రోజుల్లో వచ్చేసిందండీ. పన్నెండంటే పన్నెండు రోజులే.