తూర్పు గోడకు తలుపు

జూలై 6, ఆదివారం

ఈరోజూ నార్వేనే. వాక్యం యెరూషలేము గోడ మళ్ళీ కట్టించిన నెహెమ్యా గురించి అన్నారు, కాసేపటికే పాస్టరు అయ్యగారు మళ్ళీ ఆ చర్చి దగ్గరికి వెళ్ళిపోయారు. సభలకని అక్కడికి పోయి వచ్చినప్పటి నుంచి ఇదే వరస. ట్రాండ్‌హైమ్ అనే ఊళ్ళో వెయ్యేళ్ళ నాటి చర్చి. రాజు సమాధి మీద కట్టిందట. రంగుటద్దాల గుండ్రటి కిటికీ, ముందు రెండు గోపురాలు, గోడ నిండా వరసలు వరసలుగా పరిశుద్ధుల బొమ్మలు... తెర మీద ఫోటోలు. సగం ఫోటోల్లో అయ్యగారే, చలికోటులో.

మన చర్చి కూడా అట్లా కావాలట. ట్రెజరర్ ప్రభాకర్ లేచి చప్పట్లు కొట్టించాడు. ప్లాట్లు అమ్ముకునే మనిషి, ఏ గోడ చూసినా అతనికి ఎలివేషనే కనిపిస్తుంది.

ప్రభువా, కొంచెం ఓపిక.

జూలై 8, మంగళవారం

వాన లేదు. కాజీపల్లి ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి, మందుల వాసన. కిటికీలన్నీ మూసుకుని ఉక్కలో కూర్చున్నాను.

జూలై 10, గురువారం

ఈయన కమిటీలో ఉండీ ఇన్నాళ్ళూ చెప్పలేదు. షిఫ్టు దిగి వచ్చి, రెండో చాయ్ తర్వాత నోరు విప్పారు.

"తూర్పు గోడ పగలగొట్టి తలుపు పెడ్తరంట."

"బలిపీఠం గోడనా?"

"బలిపీఠం పడమరకు పోతది."

"మీరేమన్నరు?"

"అందరు సరే అన్నరు..."

తూర్పున కొత్త పెద్ద రోడ్డు పడింది. చర్చి వీపు రోడ్డు వైపు ఉంది. పడమటి తలుపు తీస్తే ఎదురుగా మందుల ఫ్యాక్టరీ ప్రహరీ, ట్యాంకర్లు, ఆ వాసన. అది నిజమే, నేను కాదనను. కానీ అసలు సంగతి అది కాదు. కొల్లూరు నుంచి ఎవరినో పిలిపించారట, చేతిలో దిక్సూచి. పడమటి ద్వారం వల్లే మన పిల్లలకు ఉద్యోగాలు నిలవడం లేదన్నాడట. వాస్తు అనకూడదు. 'ఇంజనీరు సలహా' అనాలి. కిందటి నెలే కదా అయ్యగారు వాస్తు విశ్వాసికి తగదని గంటసేపు చెప్పింది...

జూలై 12, శనివారం

చర్చి ఊడ్చే వంతు నాది, శాంతమ్మది. బలిపీఠం వెనక దుమ్ము దులిపాను. అక్కడ రాళ్ళ మీద, కట్టిన వడ్డెరవాళ్ళు చెక్కుకున్న గుర్తులున్నాయి. ఒకటి నెలవంక, ఒకటి పిట్టకాలు. పెళ్ళైన కొత్తలో అత్తమ్మ చూపించింది. "కరువుల కూలికి పోసిన గంజి కోసం మా అవ్వ మోసిన రాళ్ళు బిడ్డా ఇవి." పిట్టకాలు మీద వేలు పెట్టి ప్రార్థించేది. ఆమె పోయాక నేనూ అంతే చేస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు.

గోడ పైన గుండ్రటి కిటికీ ఉండనే ఉంది. అందులో ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించారు. గుండ్రటి కిటికీ కోసం నార్వే దాకా పోవాలా?

జూలై 13, ఆదివారం

ఆరాధన తర్వాత ఎవరిదో మనవడికి పేరు పెట్టిన విందు. భోజనం మీద ప్రార్థన ఒక పెద్దాయనకు ఇచ్చారు. ఆదికాండం దగ్గర మొదలుపెట్టాడు. ఆమేన్ పడేదాకా గిన్నె మూత తియ్యకూడదు, కళ్ళు తెరవకూడదు. బగారన్నం చల్లారిపోయింది.

శాంతమ్మ నా చెవిలో — "అన్నం మీది ఆవిరి గూడ ఆమేన్ అన్నది అక్కా, ఆయన అంటలేడు." నవ్వు ఆపుకోలేక చచ్చాను. దేవుడు క్షమించాలి.

చేతులు కడుక్కుంటుంటే అయ్యగారు వచ్చారు. వచ్చే ఆదివారం స్త్రీల సమాజం తరఫున ఆ నార్వే చర్చి చరిత్ర నేను చదవాలట. తెలుగులో రాయించిన కాగితాలు చేతిలో పెట్టారు. అయ్యగారిది గుంటూరు మర్యాద. "మీరే చదవాలక్కా. మీ గొంతు మెత్తగా ఉంటుంది, అందరూ వింటారండి."

మెత్తగా చెప్తే ఎవరూ వినరని నాకు యాభై ఏళ్ళుగా తెలుసు.

జూలై 16, బుధవారం

కాగితాలు చదివాను. విసుక్కుంటూ మొదలుపెట్టి, పొయ్యి మీద పాలు పొంగబెట్టుకున్నాను.

చాలా వరకు బలపపు రాయితో కట్టిందట. చిన్నప్పుడు పలక మీద రాసిన బలపం లాంటి మెత్తటి రాయి. దానితో అంత ఎత్తు గోడలు, ఆకులు, పూలు, మనుషుల ముఖాలు. తూర్పు చివర ఎనిమిది మూలల గది, బలిపీఠం అక్కడే. గోడలో ఒక బావి కూడా ఉందట.

ఎన్నోసార్లు కాలింది. ఒకసారి పిడుగు. ఒక పెద్ద మంట తర్వాత పడమటి భాగం కప్పు లేని మొండిగోడలుగా వందల ఏళ్ళు ఉండిపోయింది. జనం తూర్పు భాగంలోనే ఆరాధన చేసుకున్నారు. పాడైంది కదా అని వదిలేసి పోలేదు. తర్వాతి వాళ్ళు బాగుచేయడం మొదలుపెడితే అది తరాలు నడిచింది. ఇప్పటికీ రాళ్ళు చెక్కే పనివాళ్ళు ఉన్నారట. అరిగిన రాయి ఒక్కటి తీసి, అదే కొలతకు కొత్తది చెక్కి, అక్కడే పెడతారు.

ఇంకో మాట. ద్వారం పడమర, బలిపీఠం తూర్పు. వేలు పెట్టి మళ్ళీ చదివాను. మనదీ అంతే కదా. దానిలాగా చేస్తామంటూ, దానిలాగా ఉన్న ఒక్కటీ పగలగొడుతున్నారు.

ఈయనకు వినిపించాను. "ఆ ముక్క జెర నొక్కి చదువు మరి," అన్నారు. నొక్కాల్సింది నేనా. కమిటీలో ఎవరున్నారు?

జూలై 20, ఆదివారం

చదివాను.

మైకు గీపెట్టింది. వెనక పిల్లలు బిస్కెట్ల కోసం కొట్లాట. అయినా ఆ పడమటి ద్వారం ముక్క రెండుసార్లు చదివాను, "మన గుడి గూడ గట్లనే ఉన్నది" అని కాగితంలో లేని మాట కూడా కలిపాను. మంటల సంగతి, బాగుచేసిన సంగతి చెప్పి కూర్చున్నాను.

ప్రభాకర్ లేచాడు. "అక్క మంచిగ చెప్పింది. ఇన్నరు గద, వాళ్ళది గూడ ఎన్నిసార్లు పోయింది, ఎన్నిసార్లు కట్టుకున్నరు. పాతది పోతేనే కొత్తది అయితది. మనకేంది భయం?"

అందరూ ఆమేన్ అన్నారు. అందరూ. నా పక్కన కూర్చున్నవాళ్ళు కూడా. గోడను కాపాడదామని చదివితే గోడ కూల్చడానికి సాక్ష్యం చెప్పినట్టయింది.

బయటికొచ్చాక అయ్యగారు — "చక్కగా చదివారక్కా. పడమర సంగతంటారా... అక్కడ ఎండ తక్కువండి." ఎండకూ దానికీ ఏమిటి సంబంధం? తల ఊపి వచ్చేశాను.

శాంతమ్మ దారంతా సతాయింపు. "లొల్లి పెట్టాలె అక్కా. నువ్వు చంటిపిల్లకు జోల పాడినట్టు చెప్పినవ్."

జూలై 22, మంగళవారం

రోజు ఖాయం చేశారు. 28, సోమవారం, పొద్దున పదికి. పదిన్నర లోపల మొదటి దెబ్బ పడాలట. దాటితే ఇక దసరా పోయేదాకా గోడ ముట్టొద్దన్నాడట ఆ దిక్సూచి ఇంజనీరు. అసలు ఇంతకుముందే కొట్టేవాళ్ళు, ఆషాఢం పోవాలని ఆగారు.

"మనకు ఆషాఢమేంది?" అన్నాను.

"నన్నడుగుతవేంది," అని ఈయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

జూలై 24, గురువారం

ధైర్యం చేసి అయ్యగారింటికి వెళ్ళాను. అమ్మగారు చాయ్ ఇచ్చారు. అయ్యగారు ఓపికగానే విన్నారు. అదే నాకు ఇంకా విసుగు. కసురుకున్నా బాగుండేది.

"నాకూ ఆ గోడంటే ఇష్టమేనక్కా. కానీ కమిటీ మాట..." అని ఫోన్ తీశారు. ఆ చర్చి గోడలో ఒక రాయి, దాని మీద చెక్కిన గుర్తు, పక్కన అయ్యగారి వేలు. "రాయి చెక్కినవాడి గుర్తండి. వేలల్లో ఉన్నాయట. ఇది చూసి నాకు కళ్ళు చెమర్చాయి."

"మన గోడకు గూడ ఉన్నయి అయ్యగారు. బలిపీఠం ఎనక."

"అలాగా?"

మా చర్చికి వచ్చిన దగ్గర నుంచి ప్రతి ఆదివారం ఆ గోడ ముందే నిలబడుతున్నారు. వీపు అటు పెట్టి.

ఫోన్ జేబులో పెట్టుకున్నారు. తర్వాత అన్నారు — "పగలగొట్టే ముందు మంచి ఫోటో తీయిద్దామక్కా."

లేచి వస్తుంటే ప్రభాకర్ ఎదురుపడ్డాడు. గోడ పని ముందు ఆరంభ ప్రార్థన ఎవరిదని వాళ్ళలో మాట. "అక్కకే ఇద్దాం అయ్యగారు. పెద్దాయనకిస్తే దసరా అయితది. అక్కదైతే జల్దీ అయిపోతది, చెప్పు విడిచేలోపల ఆమేన్ అంటది."

ముగ్గురం నవ్వాము. నేను కూడా నవ్వాను. సరే అని కూడా అన్నాను. ఎందుకన్నాను?

జూలై 26, శనివారం

ఊడ్చే వంతు మాదే. తూర్పు గోడ మీద సున్నంతో తలుపు గీత గీసి ఉంది. పిట్టకాలు రాయి గీత లోపలే పడింది.

శాంతమ్మ తడి గుడ్డ పట్టుకుని నన్ను చూసింది. "తుడుస్తనా?"

"వద్దు. మల్ల గీస్తరు."

రాలిన సున్నం ఊడ్చి వచ్చాము.

జూలై 27, ఆదివారం

రేపే. గడ్డపారలు తెచ్చి బలిపీఠం పక్కన ఆనించారు. ఆరాధనంతా వాటినే చూస్తూ కూర్చున్నాను. వాక్యం ఏమిటో తెలియదు.

మధ్యాహ్నం ఈయనను అడిగాను, ప్రార్థన నడుస్తుంటే మధ్యలో ఎవరైనా పని మొదలుపెడతారా అని.

"ఎవడు పెడ్తడు? ఆమేన్ పడేదాక కండ్లే తెరవరు." నా వైపు తిరిగారు. "ఏంది సుగుణా?"

"ఏం లేదు."

ప్రార్థనను అడ్డం పెట్టడం తప్పేమో. దేవునితో మాట్లాడుతూ గడియారంలో పదిన్నర గురించి ఆలోచించడం ఏ వాక్యంలో ఉంది? కానీ చెప్పుకోవడానికి నిజంగా ఉన్నాయి. అత్తమ్మ అవ్వ ఉంది, గంజి ఉంది, ఆ రాళ్ళు చెక్కినవాళ్ళున్నారు, వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. ఉద్యోగాలు నిలవని పిల్లలున్నారు, ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగాలి. నార్వేలో మొండిగోడల పక్కన ఆరాధన చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇన్నేళ్ళూ అన్నీ మింగి రెండు ముక్కల్లో ముగించాను.

దసరా తర్వాత మళ్ళీ రారా? వస్తారు.

సాయంత్రం అన్నిటికన్నా పొడుగైన నూట పంతొమ్మిదో కీర్తన చూడకుండా చెప్పుకుంటూ బియ్యం ఏరాను. బియ్యం అయిపోయాయి, కీర్తన కాలేదు.

మోకాళ్ళ నొప్పి మాత్ర రేపు పొద్దున ఎనిమిదికే వేసుకోవాలి.