చేతికి సూది చాలన్నారు

అక్కకి,

తమ్ముడు శ్రీను నమస్కరించి రాస్తున్నది. నువ్వూ, బావగారూ, అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. తిరువూరులో వానలు పడ్డాయా? మా పెద్దది భవ్య నీ దగ్గరుండి స్కూలుకి సరిగా వెళ్తోందనీ, నిన్ను విసిగించడం లేదనీ అనుకుంటున్నాను. మేమూ బాగానే ఉన్నామని రాయాలి. అలా రాయలేకే ఫోను చేయకుండా కాగితం తీసుకున్నాను. ఫోనెత్తితే నీ పక్కన అమ్మ ఉంటుంది, అమ్మ వెనక భవ్య ఉంటుంది. అందుకే బావగారి ఎరువుల షాపు అడ్రసుకి పంపుతున్నాను. నువ్వొక్కదానివే చదువు.

నా పని బాగానే ఉంది. నీళ్ళ ట్యాంకరు తోలడం అలవాటైంది. ఈ హైదరాబాదులో వాన కురుస్తున్నా అపార్టుమెంట్లకి నీళ్ళు చాలవు, మా బండికి తీరికే ఉండదు. గది చిన్నదైనా ఆసుపత్రికి దగ్గర. ఇక్కడి గోంగూరలో పులుపే లేదని పద్మ రోజూ అనేది. ఈమధ్య నాతో ఏమీ అనడం లేదు.

హారిక బ్లడ్ క్యాన్సర్ తగ్గిందని వైద్యం ఆపేసినప్పుడు డాక్టరమ్మ, "ఇకమీదట నెలకోసారి రక్తం చూస్తే చాలండి, నడుములోంచి మజ్జ తియ్యక్కర్లేదు" అన్నారు. నేను మళ్ళీ అడిగి రూఢి చేసుకున్నాను. బయటికొచ్చి, "ఇంక నడుములో సూది లేదమ్మా, చేతికే" అని చెబితే ఎనిమిదేళ్ళ పిల్ల వరండా అంతా గంతులేసింది. ఆ సూది నువ్వు చూడలేదక్కా. నడుము వెనక ఎముకలోకి దింపి, లోపలున్న మజ్జని లాగుతారు. మత్తిచ్చి తీసినా ఆ తర్వాత బోర్లా పడుకుని మూలిగేది.

నెలనెలా రక్తం బాగుందనే చెప్పారు. పోయిన నెల మటుకు ప్లేట్‌లెట్లు తగ్గాయన్నారు. వారం ఆగి చూస్తే ఇంకా తగ్గాయి.

"జ్వరం తగిలినా ఇలా పడిపోవచ్చండి. కానీ రక్తం చూసి తేల్చలేం. మజ్జ చూడాల్సిందే" అన్నారు డాక్టరమ్మ. ఆ రోజు పిల్లకి బాగా జలుబు, దగ్గు. మత్తిస్తే ఊపిరికి ప్రమాదం, ఆగడానికి వ్యవధి లేదు. అందుకని పైన మొద్దుబారే ఇంజక్షన్ మాత్రం ఇచ్చి తీస్తామన్నారు.

"చేతికేనని చెప్పావుగా నాన్నా" అంది హారిక.

"అప్పుడు డాక్టరమ్మ అలాగే చెప్పిందమ్మా."

"నేను రాను."

ఎత్తుకుని తీసుకెళ్ళాను. పద్మ లోపలికి రాలేకపోయింది. నర్సు కాళ్ళు పట్టుకుంది, నేను భుజాలు పట్టుకున్నాను. ఆ ఇంజక్షన్ ఎముక పైవరకే పనిచేస్తుందట. లోపలి మజ్జని లాగినప్పుడు అది అరవలేదక్కా, ఊపిరి బిగబట్టి నా చెయ్యి కొరికింది. అయిపోయిందనుకుని లేపబోతే, వచ్చింది సరిపోదు, రెండో వైపు కూడా తియ్యాలన్నారు. అప్పుడు అరిచింది. "నాన్నా, వీళ్ళని ఆపు" అని. ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

రిపోర్టు వచ్చింది. జబ్బు తిరగబెట్టింది.

"నెలనెలా రక్తం బదులు మజ్జే చూసుంటే ముందే తెలిసేది కదండీ?" అని అడిగాను.

"కొంచెం ముందు తెలిసుండొచ్చు. అలాగని హాయిగా ఆడుకునే పిల్లని మాటిమాటికీ గుచ్చలేం కదండీ. ముందు తెలిస్తే మేలయ్యేదని కూడా చెప్పలేను" అన్నారావిడ.

పద్మ చెవికెక్కింది మొదటి ముక్కే. బయటికొచ్చాక, "ఆ సూది తప్పిందని సంబరపడింది నువ్వే" అంది. అప్పటినుంచి అన్నం పెడుతోంది, మాట్లాడడం లేదు. సంబరపడిన మాట నిజమే. ఆ రోజు వార్డంతా మైసూర్‌పాకు పంచింది మాత్రం తనే. ఆ సంగతి నోటిదాకా వచ్చింది, మింగేశాను.

మళ్ళీ మందులు మొదలుపెట్టారు. జబ్బు అదుపులోకి వస్తే మజ్జ మార్పిడి చేయాలంటున్నారు. తోడబుట్టినవాళ్ళది కుదిరితే మంచిదట. ముందు భవ్య రక్తం తీసి చూస్తారు. కుదిరితే దాని నడుము ఎముకలోంచి మజ్జ తీస్తారు. మత్తు మాత్రం పూర్తిగా ఇస్తారట. ఆదివారం దాన్ని తీసుకుని రా. అమ్మకి, హారికని చూడ్డానికి వెళ్తున్నామని చెప్పు. భవ్యకి మాత్రం బస్సులోనే అంతా చెప్పు. పదమూడేళ్ళు వచ్చాయి, వద్దంటే బలవంతపెట్టకూడదు. వద్దంటే ఏం చేయాలో నాకు తెలియదు. ఆవకాయ తేవద్దు, హారికకి అలాంటివేవీ పెట్టకూడదు. భవ్యకి పొట్టివైన నూలు గౌన్లుంటే తీసుకురా, దీని ఒంటికి మెత్తగా ఉంటాయి.

ఆ గదిలోంచి వచ్చాక హారిక నాతో పలకలేదు. నిన్న, అక్క వస్తుందని చెబితే నోరు విప్పింది.

"అక్కకీ నడుములోనే తీస్తారా?"

"కుదిరితే తీస్తారమ్మా. మత్తిస్తారు, దానికి నొప్పి తెలీదు."

"లేచాక తెలుస్తుంది" అంది. గోడవైపు తిరిగి, "అక్కని రావద్దని చెప్పు నాన్నా" అంది.

భవ్యకి అన్నీ చెప్పు, ఈ మాట తప్ప. ఇది వింటే తనకి కాదనే దారి ఉండదు.

బావగారికి నా నమస్కారాలు. అమ్మ కాళ్ళకి దణ్ణం. నెమలి ఊళ్ళో గుడికి వెళ్తే వేణుగోపాలస్వామికి హారిక పేరు ఒక్కటే చెప్పు, మా ఇద్దరి పేర్లూ వద్దు. నీ దీవెన దానికే ఇవ్వు.

ఇట్లు,
నీ తమ్ముడు
శ్రీను