ఇంగ్లీషు సినిమా నౌకరుకు కిరీటం

చిన్నాయనా,

దొరికాడు! మన నౌకరు దొరికాడు!

నువ్వు పోయి ఏడాది నిండిన ఈ ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే లండన్ నాటకాల ఫొటోల పుస్తకం ఒకటి చేతికొచ్చింది. మధ్యలో పేజీ నిండా ఆయనే! మార్నింగ్ షో ఇంగ్లీషు సినిమాల్లో మనం వెతుక్కునే ముసలాయన. ఒక సినిమాలో కోటు అందించే నౌకరు, ఇంకోదాంట్లో రైల్వే గార్డు. పేరు తెలుసుకుందామంటే, పేర్లు పడుతుండగానే బొమ్మ ఆపేసి లైట్లు వేసేవాళ్లు. "జర ఆగున్రి!" అని నువ్వు అరిచేవాడివి.

"గీయన ఏడ్నో రాజు వేషం కట్టే ఉంటడు, సూడున్రి" అని నువ్వంటే ఇంట్లో అందరం నవ్వేవాళ్లం. నాంపల్లి నాటకాల్లో నీకెప్పుడూ భటుడి వేషమే కదా, అందుకని ఇంకా నవ్వేవాళ్లం.

కట్టాడు చిన్నాయనా! స్టేజీ మీద ఏళ్ల తరబడి రాజు వేషాలే వేశాడట. కిరీటం పెట్టుకున్న ఆ ఫొటో కింద పెద్ద అక్షరాల్లో పేరుంది. నడిరోడ్డు మీద రెండుసార్లు గట్టిగా చదివాను.

ఇంటికి పరుగెత్తి అమ్మకు చూపించాను. అప్పట్లో అందరికంటే ఎక్కువ నవ్వింది తనే. ఈసారి నవ్వలేదు. దండ తీసి, ఈటె పట్టుకున్న నీ ఫొటోను గోడ మీంచి దించి ఆ పేజీ పక్కన పెట్టింది.

"నిలబడుడు సూడవే. ఇద్దర్ల మనోడే రాజు లెక్కున్నడు."