మాయానగరంలో గుడిసెలు

బందరు, 1959 ఆగస్టు, మంగళవారం

ఈరోజు ఫిఫ్త్ ఫారంలో సోషల్ పుస్తకం తెరవలేదు. పిల్లలు వంతులేసుకుని చదువుతున్న మాంత్రికుడి సీరియల్‌నే పాఠం చేశాను. ‘సమాజం’ అనగానే ఆవలించేవాళ్ళు, ఆ మాంత్రికుడి నగరంలో ఎవరెవరు ఎక్కడ ఉంటారో పటం గీయమంటే బల్లల మీదికి వంగిపోయారు. ఎగిరే మంచాలకు రేవు, రాక్షసులకో వీధి, మాట్లాడే చిలుకలకు సత్రం. ఎవరి ఊహ వాళ్ళది. కానీ ప్రతి పటంలోనూ కోటగోడ అవతల విడిగా కొన్ని గుడిసెలున్నాయి. కథలో అవి ఎక్కడా లేవు.

నాగాయలంక నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న రత్నకుమారి కూడా అలాగే గీసింది. వాళ్ళ ఇల్లు ఊరి బయట మాలపల్లెలోనే.

“ఈ గుడిసెలు ఎవరివమ్మా?” అన్నాను.

“మావాళ్ళవండీ.”

“మాయానగరం కదా, నీ ఇష్టం. గోడ లోపల పెట్టకపోయావా?”

“బోర్డు మీద మీరు ముందే బయట పెట్టేశారు కదండీ,” అంది.

తిరిగి చూశాను. నమూనాకని నేను గీసిన కోట, బజారు, గోడ. గోడ బయట నాలుగు గుడిసెలు. వాటిని ఎప్పుడు గీశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

రేపు బోర్డు ఖాళీగా ఉంచి మళ్ళీ గీయించాలి. ముందు నేనే ఈ పేజీ అడుగున గీసి చూసుకున్నాను. ఈసారి గుడిసెలు కోట లోపలే పెట్టాను. పెట్టి, వాటి చుట్టూ ఇంకో గోడ గీశాను.