పళ్లెంలో శాలువా

పెరంబూరు, 1973 జూన్
ఆదివారం రాత్రి

ఏటా ఫుట్‌బాల్ లీగు మొదలయ్యే ముందు క్లబ్బు సెక్రటరీ నాయుడుగారు మా ఇంటికొచ్చి, తాంబూలంలో అడ్వాన్సు పెట్టి, అన్నను ఆ ఏటికి ఖాయం చేసుకుంటారు. ఈసారి ఎక్కువ అడగాలని అన్న కొన్నాళ్లుగా అద్దం ముందు మాటలు కూడబెట్టుకుంటున్నాడు.

ఇవాళ ఆయన తెచ్చిన పళ్లెంలో ఆకూ వక్కా లేవు. జరీ శాలువా ఉంది. అమ్మ మురిసిపోయింది.

"ఈ ఏడు మర్యాద ఇంకా జాస్తిగా చేస్తా ఉండారే!"

ఈ ఊళ్లో ఆటగాడికి శాలువా కప్పితే ఇక సెలవని అర్థం. అమ్మకది తెలియదు. అన్నకు తెలుసు.

"సగమిచ్చినా ఆడతాను సార్," అన్నాడు. నాకు చెవులు మూసుకోవాలనిపించింది.

"నీకు వెల కట్టేదానికి మేమెంతవాళ్లం తంబీ?" అని నవ్వుతూ నాయుడుగారు శాలువా కప్పేశారు.

ఆయన వెళ్లగానే అమ్మ, "పక్కింటి అత్తకు చూపించి రా పోరా, కన్నా" అంది. వద్దంటాడనుకున్నాను. ఈ ఉక్కలో అది కప్పుకునే వెళ్లాడు.

ఆ అత్త ఏటా అడిగినట్టే అడ్వాన్సు ఎంతిచ్చారని అడిగే ఉంటుంది. ఏం చెప్పావని అన్నను అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు...