గుడి గడప దాటిన మాట

ఇబ్రహీంపట్నం,
1949, ఎండకాలం

నా బిడ్డ లీదియాకు, మీ అమ్మ బుగ్గమ్మ ముద్దులతో రాయునది. దవాఖానలో నర్సు పని నేర్చుకుంటూ నువ్వు ఒంట్లో బాగున్నావని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమమని రాయడం వాడుక. మీ అన్నను మన్నులో పెట్టి వచ్చిన చెయ్యి ఆ మాట రాయలేకపోతోంది. నేను తింటున్నాను, ఆ ఫికర్ పెట్టుకోకు.

మీ అన్న మత్తయి సంగపోళ్ల మనిషని మిలిటరీకి ఎవరు చెప్పారని అడిగావు. లంద దగ్గర కొట్లాడిన యోహానేనా అనీ అడిగావు. యోహాను కాదమ్మా. ముందు అదే రాస్తున్నాను, ఆయన మీద కోపం పెట్టుకోకు.

తోళ్లు నానబెట్టే లంద మన రెండిళ్లకూ ఒకటే కదా. బావిలో నీళ్లు తోడే మోట బొక్కెన కోసం యోహాను నానేసిన ఎద్దు తోలు అందులోంచి పోయింది. "మత్తయిగాడే తీసిండు" అని యోహాను అరిచాడు. ఇద్దరూ గల్లలు పట్టుకున్నారు. మన గుడి కట్టడి నీకు తెలిసిందే. విశ్వాసుల తగాదా దొర గడీకీ ఠాణాకూ పోకూడదు. ఆరాధన అయ్యాక తలుపులు మూసి ప్రభు బల్ల ముందు ఇద్దరినీ నిలబెడతారు. నిజం చెప్పి చేతులు కలిపేదాకా ఇద్దరికీ రొట్టె లేదు. అక్కడి మాట గడప దాటకూడదు.

మీ అన్న తల వంచుకుని నిలబడ్డాడు. గుడి పెద్ద యోబు, నీకు కాబోయే మామ, వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఈడ పరాయోళ్లు ఎవల్లేరు మత్తయీ. చెప్పు, నీ పానం తేలికైతది" అన్నాడు.

"నేనే తీసిన" అన్నాడు మత్తయి. "దొరల మీద తిరగబడ్డ సంగపోళ్లు రాచకొండ గుట్టలల్ల ఉత్త కాళ్లతోని తిరుగుతున్నరు. చెప్పులు కుట్టి ఇచ్చిన. మాకు ఇంక ఏ తోలొచ్చినా నీదే అన్నా."

యోహాను వాడి ముఖంలోకి చూసి, "ముందుగాల చెప్తే నేను గూడ కూసోని కుడుతుంటి గదరా, పిచ్చోడా!" అన్నాడు. అందరం నవ్వాం. ఇద్దరూ కావలించుకుని ఒకే గిన్నెలో తాగారు. నా కడుపు చల్లబడింది.

ఆ వారంలోనే మిలిటరీ లారీ వచ్చింది. రజాకార్ల పీడ పోయిందని వాళ్లకు దండలు వేసిన ఊరే మనది. దిగినవాడు, "సంగపోళ్లకు చెప్పులు కుట్టిన మత్తయి ఎవడు?" అని అడిగాడు. ఉత్త మత్తయి అని కాదు బిడ్డా, చెప్పులు కుట్టిన మత్తయి! ఆ మాట మన గుడిలో తప్ప ఇంకెక్కడా పుట్టలేదు. మీ అన్నను లాక్కుపోయి మంచాల దారిలో కాల్చేశారు.

పాతిపెట్టాక పాదిరి అయ్యగారు మళ్లీ గుడి తలుపులు మూశారు. ఈ మాట బయట చెప్పింది ఎవరని అడిగారు. చివరికి లేచినవాడు అంజిలయ్య, యోబు కొడుకు, నిన్ను చేసుకోబోయేవాడు. వాణ్ణి మిలిటరీవాళ్లు సంతలో పట్టుకుపోయి క్యాంపులో పెట్టి, లారీ రావడానికి ముందే వదిలిపెట్టారు. దేవుడి దయ అనుకున్నాం.

"మా నాయిన నన్ను ఇడిపిచ్చుకొచ్చిండు" అన్నాడు. "ఏం చెప్పి ఇడిపిచ్చిండో అడుగున్రి."

యోబు కూలబడ్డాడు. "పిలగాన్ని తలకిందులు ఏలాడదీసిన్రు చెల్లే. ఒక్క పేరు చెప్పుమన్నరు. నాకు ఇంకో పేరు ఎరుక లేకపాయె."

నాకు ఏడుపు రాలేదు. ఎవరో నా చెయ్యి పట్టుకుని యోబు చేతి వైపు లాగుతున్నారు. "మనలో మనమే తీర్సుకుందాం అక్కా, మాట గడప దాటొద్దు. పిల్ల పెండ్లి ఉన్నది. ఎవలు చెప్పిన్రో తెల్వదని లీదియాకు రాయి."

"నా కొడుకు ఈడ నిజం చెప్పి సచ్చిండు. నా బిడ్డకు నన్ను అబద్ధం రాయమంటరా?" అని చెయ్యి గుంజుకున్నాను.

అక్కడ అనని మాట నీకొక్కదానికే రాస్తున్నాను. వాళ్లు మత్తయిని అట్లా వేలాడదీసి ఉంటే, నాకు ఒక్క పేరు తెలిసి ఉంటే, నేనూ చెప్పేదాన్నే. అందుకే ఆయన్ని శపించలేను. అయినా ఆయనతో కలపడానికి చెయ్యి లేవడం లేదు. ప్రతి ఆదివారం ఆయన బయట మెట్టు మీద కూర్చుంటాడు, నేను లోపల. రొట్టె పళ్లెం మా ఇద్దరి దగ్గరా ఆగదు.

అంజిలయ్య నిన్న వచ్చాడు. "అత్తా, లీదియాకు ఏ మొకం చూపియ్యాలె?" అన్నాడు. "అందరి ముందర నిలవడి చెప్పిన మొకమే సూపియ్యి" అన్నాను. ఆ పెళ్లి చేసుకొమ్మనీ అనను, వద్దనీ అనను. నువ్వేమన్నా ఈ ఇల్లు నీదే.

ఇట్లు,
ఇద్దరిని కని, ఒక్కదానికే ఉత్తరం రాస్తున్న మీ అమ్మ,
బుగ్గమ్మ