విసురు గాలికి పగ్గం

జుట్లాండ్ తీరం, అక్టోబరు 1979

థూరా అక్కా, నేను క్షేమమే. భయమంతా మనం వాటాలేసి నిలబెట్టిన సంఘం కరెంటు గాలిమర గురించే.

నిన్న సముద్రం మీంచి ఒక్క విసురు వచ్చేసరికి రెక్కలు వేగం మీరి స్తంభమంతా వణికింది. బ్రేకు వేసి ఆపాం. లేకుంటే రెక్క ఊడి పక్కనున్న ఎల్సే ఇంటిమీదే పడేది. ఈదురుగాలి రోజుల్లో వేగం ముందే తగ్గించి తిప్పుదామని రాత్రి సంఘం సమావేశంలో అన్నాను.

"కరెంటు తగ్గిపోతుందిరా, పిరికోడా!" అన్నాడు సంఘం పెద్ద ఫోల్మర్.

"అణువిద్యుత్తు వద్దని మనమంతా ఊరేగింపు తీసింది పొరుగువాళ్ళ ప్రాణాల కోసమేగా? ఎల్సే పొరుగుది కాదా?" అని అరిచాను. సగంమంది నవ్వారు.

శుక్రవారం ఓటింగు. నీ వాటాకీ ఓటుంది. వేగం తగ్గించాలని తంతి కొట్టు. అమ్మ మోకాలు ఎలా ఉంది? నా ఊలు మేజోళ్ళు పంపు. పిల్లలకు ముద్దులు. గాలి మళ్ళీ లేస్తోంది. నన్ను తగాదాకోరని తర్వాత తిట్టుకో, ముందు ఓటెయ్యి.

నీ తమ్ముడు ఎబ్బె